నొక్కని ఎర్ర బటన్

నేను కొత్తగా సెల్లు కొన్న రోజులవి. మా మరిదికి సంబంధం చూడ్డానికి నేనూ మా ఆడపడుచూ తెనాలి నుంచి బాపట్ల వెళ్లాం. వచ్చేటప్పుడు పెళ్లికూతురు శారద గుమ్మం దాకా వచ్చి, "రైలెక్కగానే మిస్డ్ కాల్ ఇవ్వండక్కా" అంది. "నువ్వు మాకు బాగా నచ్చావమ్మా" అని దాని బుగ్గ నిమిరాను.

ప్యాసింజరు కదలగానే శారద నంబరుకి ఒక్క రింగిచ్చి, కట్ చేశాననుకుని సెల్లు బ్యాగులో పడేశాను. ఇక మొదలుపెట్టాం.

"ఆ పళ్లేంటొదినా! కొబ్బరి కోరొచ్చు" అంది ఆడపడుచు.

"డబ్బాడు పౌడరు కొట్టినా ఆ నలుపు దాగిందా?" అన్నాను. ఎదురు సీటువాళ్లు కూడా పగలబడి నవ్వారు.

నిడుబ్రోలులో టైం చూద్దామని సెల్లు తీశాను. కాల్ ఇంకా నడుస్తోంది. ఇరవై నిమిషాలు దాటింది. చెవి దగ్గర పెట్టుకున్నాను.

"మాట్లాడ్డం అయిపోతే ఎర్ర బటన్ నొక్కాలండి అక్కా" అంది శారద నెమ్మదిగా. "ఏదో చెబుతున్నారనుకుని స్పీకర్ పెట్టానండి. నాన్న కూడా విన్నారు."

సంబంధం వాళ్లే వద్దన్నారు. ఆనాటి నుంచి కాల్ కట్టయిందో లేదో తెర మీద చూసుకున్నాకే సెల్లు లోపల పెడతాను. అలాంటి మాటలు మానేశానని మాత్రం రాయలేను.