సలీం కూతురికి చేసిన వినికిడి పరీక్ష

కరోనా తగ్గుముఖం పట్టిన ఏడాది. బందరులో ఒక పిల్లల ఆసుపత్రిలో ఆడియాలజిస్టుగా చేస్తున్నాను. పుట్టిన పిల్లలు ఇంటికి వెళ్లేలోపు వాళ్ల వినికిడి పరీక్షించడం నా పని. దాన్ని ఓఏఈ అంటాం. నిద్రపోతున్న బిడ్డ చెవిలో మెత్తటి గొట్టం పెట్టి చిన్న శబ్దాలు వినిపిస్తే, లోపలి చెవి నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వనిని మిషన్ పట్టుకుంటుంది. అది వస్తే ‘పాస్’, రాకపోతే ‘రిఫర్’. రిఫర్ అంటే చెవుడని కాదు, మళ్లీ చూడాలని.

మామూలుగా మేం పిలిస్తేనే వస్తారు. సలీం తనంతట తనే వచ్చాడు. రోల్డ్‌గోల్డ్ నగలకు మెరుగుపెట్టే పనివాడు. పుట్టుకతోనే వినపడదు. కూతురు పుట్టిన మర్నాడే ఎత్తుకొచ్చి నా గది ముందు నిలబడ్డాడు. వెనకాలే అతని తల్లి గాబరాగా వచ్చింది.

“పసిగుడ్డుకి ఇప్పుడే ఎందుకండీ మేడమ్? ఏదన్నా ఉంటే పెద్దయ్యాక తెలీదా?” అందామె.

సలీం చేతులతో ఏదో గట్టిగా చెప్పాడు. గోడ పట్టుకుని మెల్లగా నడిచొచ్చిన భార్య నజ్మా మాకు విడమరిచింది.

“ఈయనకి వినపడదని బళ్లో వేసేదాకా ఎవరికీ తెలీలేదంటండీ. పిలిస్తే పలకట్లేదని, మొండోడని కొట్టేవారంట. నా బిడ్డకి ఆ దెబ్బలు వద్దంటున్నారు.”

పెద్దావిడ పాపను అందుకుని తనే లోపలికి తెచ్చింది.

రెండు చెవులూ రిఫర్ వచ్చాయి. కొన్ని వారాలయ్యాక చేసినా అంతే. అప్పుడు బెరా చేశాను. తలకు సెన్సార్లు అంటించి, శబ్దం మెదడుదాకా చేరుతోందా అని చూసే పరీక్ష అది. పెద్ద శబ్దాలు తప్ప పాపకు వినపడటం లేదని తేలింది. సలీం కాసేపు పాప పాదాలు నిమురుతూ కూర్చున్నాడు. తర్వాత భార్య వైపు తిరిగి చేతులు కదిపాడు.

“ఏం చెయ్యాలో చెప్పమంటున్నారండీ. ఇవాళే మొదలుపెడదామంటున్నారు,” అంది నజ్మా కళ్లు తుడుచుకుంటూ.

పాపకు చెవి మిషన్లు పెట్టిన రోజు నేను మర్చిపోలేను. “ఆఫ్రీన్!” అని నాయనమ్మ వెనక నుంచి పిలిచింది. పాలు తాగుతున్న పాప ఠక్కున ఆగి, కళ్లు పెద్దవి చేసి వెతికింది. ఆ పిలుపు సలీంకి వినపడలేదు. కూతురి కళ్లు చూశాడు. రెండు చేతుల్లో ముఖం దాచుకుని ఏడ్చాడు.

ఆ తర్వాత కష్టమంతా ఆ ఇంటిదే. పాప మిషన్లు పీకేసేది. నాయనమ్మ వాటిని కప్పేలా పల్చటి టోపీలు కుట్టింది. బియ్యం ఏరుతున్నా, బట్టలారేస్తున్నా ఆ పనేంటో పాపకు చెబుతూ చేసేది. అవి వినీ వినీ పాపకు మాటలొచ్చాయి. చేతుల భాష మాత్రం సలీం నేర్పాడు.

పోయినేడాది మిషన్లు చూపించుకోవడానికి వచ్చారు. సలీం నన్ను చూసి సైగ చేశాడు. నజ్మా నోరు తెరిచేలోపే ఆఫ్రీన్ అందుకుంది.

“మీరు బాగున్నారా అని మా నాన్న అడుగుతున్నారండీ!”

బాగున్నానని ఆ పిల్లకే చెప్పాను. తనే తండ్రికి చేతులతో చెప్పింది.

ఇప్పుడు ఏ బిడ్డకు రిఫర్ వచ్చినా, ఇంట్లో బిడ్డతో ఎక్కువసేపు ఉండేదెవరని అడుగుతాను. ముసలమ్మయినా, మేనత్తయినా సరే, వాళ్లనీ లోపలికి పిలిచి కూర్చోబెట్టుకున్నాకే మాట మొదలుపెడతాను.