సత్తిబాబు బండిలో పంపు

మొన్న ఆదివారం మా అత్తారింటికి నేను బండి మీదే వెళ్ళాను. అబద్ధం కాదు. సీటు మీద కూచున్నాను, హ్యాండిల్ పట్టుకున్నాను, హెల్మెట్ కూడా పెట్టుకున్నాను. ఇంజను మాత్రం ఆన్‌లో లేదు! ఎలా వెళ్ళానంటారా? చెప్తాను, టీ తాగుతూ వినండి. నవ్వారంటే మధ్యలోనే ఆపేస్తాను.

దీనికంతటికీ కారణం మా తోడల్లుడు సత్తిబాబు. మా ఆవిడ చెల్లెలి మొగుడు. గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్టీల్ ప్లాంటులో పనిచేస్తున్నాడు. మనిషి చాలా మంచోడు. అదే నా ఏడుపు! చెడ్డోడైతే హాయిగా తిట్టుకునేవాణ్ణి కదా. మాటకి ముందొక 'ఆయ్', వెనకొక 'అండి'. అతను రాకముందు తగరపువలసలో మా అత్తారింటికి నేనొక్కణ్ణే అల్లుణ్ణి. చేపల పులుసులో తలకాయ నాది. అతనొచ్చాక తలకాయ అటు వెళ్ళింది, నాకు తోక మిగిలింది. అదేంటత్తా అంటే, "పాపం, ఆ బాబు దూరం నుంచి వత్తన్నాడు కదా" అంటుంది. ఏం దూరం! అతను గాజువాక నుంచి వస్తాడు, నేను మద్దిలపాలెం నుంచి వస్తాను. నేనేదో పక్కింట్లోంచి గోడ దూకి వస్తున్నట్టు!

ఇద్దరిదీ ఒకే మోడల్ బైకు. ముందు నేను కొన్నాను, నన్ను చూసి అతను కొన్నాడు. అతనిది ఇప్పటికీ తళతళలాడుతుంది. నాది పోర్టు దగ్గర మా గోడౌన్ బయట పగలంతా ఉప్పుగాలికి నానుతుంది. సరే, దాని ఖర్మ.

గురువారం పొద్దున్న తాళం తిప్పాను. ఈ కొత్త బళ్ళకి తాళం తిప్పగానే ట్యాంకు లోపల పంపు 'జుయ్'మనాలి, పెట్రోలు తోడాలి. అనలేదు. సెల్ఫ్ నొక్కితే ఇంజను గిరగిరా తిరుగుతోంది గానీ అందుకోవడం లేదు. మా వీధి చివర మెకానిక్ శ్రీను దగ్గరికి తోసుకెళ్ళాను.

"పంపు పోయినట్టుంది బావ. వైరింగన్నా అయ్యుండొచ్చు. ఇదే మోడల్ బండిలోది మంచి పంపు దొరికితే, పెట్టి సూసి సెప్పేత్తాను" అన్నాడు.

ఇదే మోడల్ బండి! ఈ మహానగరం మొత్తం మీద నాకు తెలిసినోళ్ళలో ఒక్కడికే ఉంది.

ఆ సాయంత్రమే మా అత్త ఫోను. ఆదివారం ఇద్దరల్లుళ్ళూ రావాలట, వంజరం చేప తెప్పిస్తోందట. మా ఆవిడ సునీత కడుపులో మాట ఆగుతుందా, బండి పాడైందని చెప్పేసింది. స్పీకర్లో అత్త గొంతు: "అయ్యో, మరి సత్తిబాబుకి సెప్పకపోయారా? ఆ బాబు సూత్తాడు కదా!"

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఏటక్కర్లేదత్తా! ఆదివారం నాను నా బండి మీదే వత్తాను. సత్తిబాబు కంటే ముందే వత్తాను!" అని అరిచాను.

అరవడం అయితే అరిచాను. ఇప్పుడు ఆదివారంలోగా బండి కదలకపోతే అత్తారింట్లో నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి? పోయిన పరువు ఏ షోరూములోనూ దొరకదు కదా.

శుక్రవారం సిగ్గు విడిచి సత్తిబాబుకి ఫోన్ చేశాను. పంపు సంగతి చెప్పలేదు. పద్మనాభం ఊరు దాకా వెళ్ళే పనుంది, నీ బండి ఓసారి కావాలన్నాను.

"ఆయ్, దానికేముందండి అన్నయ్యగారూ! నాకు ప్లాంటు బస్సుంది కదండి. ఆదివారం దాకా మీ దగ్గరే ఉంచండి. మేం బస్సులో మద్దిలపాలెం వచ్చి, అక్కడ్నుంచి అందరం కలిసెళ్దామండి" అన్నాడు. వెళ్ళి చూస్తే ట్యాంకు నిండా పెట్రోలు కూడా కొట్టించి ఉంచాడు. ఇలాంటి మనిషితో ఎలా వేగాలో మీరే చెప్పండి.

శ్రీను అతని పంపు విప్పి నా బండిలో పెట్టాడు. తాళం తిప్పితే 'జుయ్'! అంటే పంపే పోయింది, వైరింగు బాగానే ఉంది. చచ్చిన పంపుని సంచిలో వేసుకుని, శనివారం పొద్దున్నే వేటకి బయల్దేరాను. షోరూములో ఆర్డర్ పెట్టాలి, రెండు వారాలు పడుతుందన్నారు. ఒక షాపులో ఉన్నది చూడ్డానికి అచ్చం అదే, నా బండికి పట్టదు. ఇంకో షాపులో ఉన్నది బండికి పడుతుంది, కనెక్టరు వేరు. తిరిగి తిరిగి ఆఖరికి వన్‌టౌన్లో బాషా భాయ్ షాపులో తేలాను. ఆయన నా సంచిలోది తిప్పి తిప్పి చూసి, లోపల్నించి ఒక డబ్బా తెచ్చాడు.

"ఇది వేరే బండిది భయ్యా. గానీ కనెక్టర్ సేమ్, ప్రెజర్ సేమ్. కళ్ళు మూసుకుని పెట్టుకో."

"గ్యారంటీ ఉందా భాయ్?"

"నీ సంచిలో ఉన్నదానికి ఉండిందా?" అన్నాడు. డబ్బులు తీసిచ్చి కొనేశాను.

ఇక్కడే నా బుద్ధి గడ్డి తింది. శ్రీను షాపులో రెండు బళ్ళూ పక్కపక్కన ఉన్నాయి. నా బండిలో సత్తిబాబుది, కంపెనీ పంపు, నా చేతిలో ఊరూ పేరూ తెలియని పంపు. ఇది హైవే మీద ఆగిపోతే? ఆగితే గీగితే అతని బండే ఆగనీ! నిజం చెప్తున్నాను, అత్తారి వీధిలో సత్తిబాబు ఒక్కసారి, ఒకే ఒక్కసారి బండి తోసుకుంటూ రాగా చూడాలనిపించింది. అంత కుళ్ళు నాకు.

"శ్రీనూ, నా దాంట్లో ఉన్నది అలాగే ఉంచు. ఈ కొత్తది ఆ బండికి పెట్టెయ్."

"తప్పు కదా బావ?"

"పాతది తీసుకుని కొత్తది ఇత్తే తప్పేట్రా?"

శ్రీను తల గోక్కున్నాడు. "నీ ఇష్టం. గానీ నీ ట్యాంకు అడుగున ఎర్రగా తుప్పు కనపడతంది బావ. ఓసారి కడిగితే..."

"సోమవారం కడుగుదాంలే, ముందు బిగించు!" అన్నాను.

ఆదివారం సత్తిబాబు, మా మరదలు బస్సు దిగి వచ్చారు. అతను తన బండి స్టార్ట్ చేసి, వీధి చివరి దాకా వెళ్ళి వచ్చాడు.

"ఆయ్, అన్నయ్యగారూ! ఏం మంత్రం వేశారండి? పికప్ అదిరిపోయిందండి!"

అబ్బ! ఆ మాటకి నా కడుపు ఎంత మండిందో! నేను కొన్న పంపు అతని కింద గుర్రంలా పరిగెడుతోంది!

అయినా బయల్దేరాం. వెనక సునీత ఉంది, ముందు నేనే. ఆనందపురం దాకా సత్తిబాబుని అద్దంలోంచే చూశాను. ఆనందపురం దాటాక నా బండి ఒకసారి దగ్గింది. కాసేపాగి ఇంకోసారి దగ్గింది. తర్వాత మాటా పలుకూ లేకుండా రోడ్డు పక్కన ఆగిపోయింది.

సత్తిబాబు వచ్చి ట్యాంకు మూత తీసి, ఫోన్ లైటు వేసి చూశాడు. "ఆయ్, లోపలంతా తుప్పండి. పంపుకి అడ్డం పడిపోయుంటుందండి, పాపం." ఆ పాపం ఎవరి పంపుకో అతనికి తెలీదు.

ఆడాళ్ళిద్దర్నీ ఆటో ఎక్కించేశాం. నేను బండి మీద కూచున్నాను. సత్తిబాబు పక్కనే తన బండి నడుపుతూ, కాలు నా బండి ఫుట్‌రెస్ట్ మీద ఆనించి తోస్తూ తగరపువలస దాకా తీసుకెళ్ళాడు. ఆటోలో ముందే చేరిన సునీత ఊరుకుంటుందా? మేం వెళ్ళేసరికి వీధంతా గుమ్మాల్లో నిలబడుంది. మాట ఇచ్చినట్టే సత్తిబాబు కంటే ముందు చేరాను లెండి, ఒక చక్రం ముందు!

"అయ్యో బాబూ, కాలు ఎంత నొప్పెడతందో!" అంది మా అత్త. సత్తిబాబుతో అంది.

"నాదేముందండి, బండి గొప్పండి. మనిషినీ బండినీ కలిపి ఎంత తేలిగ్గా లాక్కొచ్చిందో!" అన్నాడు. విస్తట్లో తలకాయ ఎవరికి పడిందో చెప్పక్కర్లేదుగా.

అక్కడితో అయిపోతే బాగుండేది. అన్నం మధ్యలో సత్తిబాబు నా వైపు తిరిగి, "అన్నయ్యగారూ, మీరు ట్యాంకు కడిగించేసి, నా బండిలో పంపు విప్పి పెట్టేసుకోండి. కంపెనీది, ఢోకా ఉండదండి. షోరూములో నేను ఇంకోటి ఆర్డర్ పెట్టుకుంటానండి" అన్నాడు. మా అత్త కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా గొంతులో ముల్లు దిగింది. వద్దంటే 'ఎందుకు వద్దు?' అంటారు. నిజం చెబుదామా, దొంగతనం బయటపడుతుంది. "సరే" అన్నాను.

సోమవారం శ్రీను ట్యాంకు కడిగాడు. తుప్పు మింగిన ఆ కంపెనీ పంపు ఇక పనికిరాదన్నాడు. పంపు మారుస్తున్నంతసేపూ నవ్వుతూనే ఉన్నాడు వెధవ. బండి ఇప్పుడు బ్రహ్మాండంగా ఉంది. సత్తిబాబు పంపు కోసం ఎదురుచూస్తూ ఎక్కడికెళ్ళాలన్నా బస్సులోనే తిరుగుతున్నాడు. మా అత్త మాత్రం రోజూ ఫోన్ చేసి, "ఆ పంపు జాగర్త బాబూ, సత్తిబాబుది" అంటోంది.

"అలాగే అత్తా" అంటున్నాను. ఏం చెయ్యను! సొంత పంపుని అరువు తెచ్చుకుని వాడుకుంటున్నవాణ్ణి ఈ విశాఖపట్నంలో నేనొక్కణ్ణే!