అవ్వ ఎక్కిన దుబాయ్ విమానం

మా చిన్నప్పుడు... ఒక సాయంత్రం అవ్వ, అంటే మా అమ్మ, వాకిట్లో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. దుబాయ్ నుంచి మా మేనమామ ఫోన్ చేశాడని పక్కింటివాళ్లు కేకేశారు...

అక్కడ బిల్డింగ్ పనిలో ఉన్న మా నాన్న, బాపు, పైనుంచి పడ్డాడట. ప్రాణానికి భయం లేదు, కాలు మాత్రం బాగా విరిగింది. ఇంటికి రావాలంటే తోడు ఒకరుండాలి... మామకేమో సెలవు దొరకడం లేదు.

మాది మెట్‌పల్లి దగ్గర పల్లె. అవ్వ అప్పటిదాకా వేములవాడ దాటి పోయింది లేదు. చదువు రాదు. అయినా మర్నాడు పొద్దున్నే మా పెద్దబాపుతో, అంటే బాపు వాళ్ల అన్నతో, చెప్పేసింది.

"బావా, నేనే పోయి తోల్కొస్త."

"నీకేమన్న పిచ్చా? ఒక్కదానివి గంత దూరం ఎట్ల పోతవ్?"

"ఎంత దూరం? విమానంల ఎంతసేపు?"

"నాలుగు గంటలు గావచ్చు..."

అవ్వ మెల్లగా అంది... "గంతేనా? మనం బస్సుల హైదరాబాద్ పోవాలంటెనే గంతకన్న ఎక్కువైతది. గింత దగ్గరుండి... మూడేండ్లాయె, మనిషి మొకం చూడక."

పాస్‌పోర్టు కోసం పెద్దబాపే ఆఫీసుల చుట్టూ తిరిగాడు. మామ వీసా పంపాడు. నన్నూ చెల్లినీ బాపమ్మకు, అంటే నానమ్మకు, అప్పజెప్పి, సంచిలో సకినాలు పెట్టుకుని అవ్వ బయల్దేరింది.

ఎయిర్‌పోర్టులో ఎవరేం అడిగినా ఒకటే మాట చెప్పిందట... "మా ఆయన దవాఖానల ఉన్నడు, తోల్కరావోతున్న." వెనక వరుసలో ఉన్న మంచిర్యాల ఆయనెవరో ఆ మాటను హిందీలో చెప్పి సాయం చేశాడట.

కొన్నాళ్లకు మా ఇంటి ముందు జీపు ఆగింది. అవ్వ భుజం పట్టుకుని బాపు దిగాడు. ఊరంతా వాకిట్లోనే ఉంది. బాపు దుబాయ్ పోయాక పుట్టిన మా చెల్లి, అవ్వ కొంగు చాటుకు పోయి, "గీయన ఎవరే?" అంది.

"మీ బాపు, బిడ్డా. నేను వోయి తోల్కొచ్చిన."

ఆ మాట అన్నప్పుడు అవ్వ మొహం చూడాలి... నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టే ఉంది.

బాపు మళ్లీ గల్ఫ్‌కు పోలేదు. కుంటుతూనే పసుపు చేను చూసుకున్నాడు. ఆ తర్వాత మా చుట్టుపక్కల ఏ ఆడమనిషి విమానం ఎక్కాల్సి వచ్చినా ముందు మా ఇంటికే వచ్చేది. అవ్వ చాట పక్కన పెట్టి, బెల్టు ఎట్లా పెట్టుకోవాలో కూడా చేతులతో చూపించేది. "ఫికర్ జేయకు, నేను పోలేదా?" అనేది.

ఇప్పుడు ఫోన్ తీస్తే చాలు, దుబాయ్‌లో ఉన్నవాళ్ల మొహం కనిపిస్తుంది. మంచిదే... కానీ ఆ రోజుల్లో ఒక మొహం చూడటానికి మా అవ్వ చేసిన ధైర్యం తలుచుకుంటే ఇప్పటికీ ఛాతీ ఉప్పొంగుతుంది.

మీ ఇంట్లో మొట్టమొదట విమానం ఎక్కింది ఎవరు? ఎవరి కోసం ఎక్కారు? రాయండి... మా అవ్వకు చదివి వినిపిస్తాను.