తుపాకీకి ఊపిరి

దుబాయిలో, జెబెల్ అలీ రేవు తవ్వుతున్న రోజుల్లో, మొదటి ఏడాది నేను రెండు పనులు చేశాను. వారానికి ఆరు రోజులు సిమెంటు గోదాములో మూటలు మోశాను. రెండంటే రెండు శుక్రవారాలు ఒక తెల్లదొర తుపాకీలోకి ఊపిరి ఊదాను. మొదటి పని సంగతి చెబితే ఎవరూ ఆశ్చర్యపోరు. రెండోది మా ఇంట్లోవాళ్ళే నమ్మరు. నమ్మకపోతే పోనీ, జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఆ దొర మా కంపెనీలో సర్వే పెద్ద. అరవైకి దగ్గర పడ్డ మనిషి, సన్నగా, ఎండకు కమిలి ఉండేవాడు. అందరం సాబ్ అనేవాళ్ళం. ఆయన దగ్గర పోలీసు అనుమతి ఉన్న పాతకాలపు తుపాకీ ఒకటి ఉండేది. మనిషి ఛాతీ దాకా వచ్చే పొడవు, ఎత్తితే బరువు, కానీ గొట్టం రంధ్రంలో నా చిటికెన వేలి కొస కూడా దూరేది కాదు. సీసం కరిగించి గుండ్లు తానే పోసుకునేవాడు. ఇత్తడి తూటాల్లో కూరేది ఇప్పటి మందు కాదు. గంధకం, సురేకారం, బొగ్గు కలిపిన నల్లటి పొడి. మా దిక్కు బావుల్లో బండలు పేల్చేది కూడా అలాంటి మందే. మొదటిసారి ఆ పొగ వాసన తగిలినప్పుడు ఇసుకలో నిలబడి మా బావి గట్టు మీద ఉన్నట్టే అనిపించింది.

ఆ మందుతో ఒక చిక్కుంది. కాల్చిన ప్రతిసారీ గొట్టం లోపల మసి పేరుకుంటుంది. తడి ఉంటే మెత్తగా ఉంటుంది, ఆరితే పెచ్చు కడుతుంది. పెచ్చు కట్టిందంటే గుండు తన దారిన తాను పోతుంది. ఆ ఎడారి గాలికి నిమిషంలో ఆరిపోయేది. అందుకని కాల్పుకీ కాల్పుకీ మధ్య, వెనకవైపు తెరిచి గొట్టంలోకి ఊపిరి వదలాలి. సాబ్ ఒక ఖాళీ తూటా అడుగు కోసి, దానికి రబ్బరు గొట్టం తొడిగి పెట్టుకున్నాడు. తూటా ఉండే చోట దాన్ని దూర్చి ఊదడమే. ఏళ్ళ తరబడి తానే ఊదుకున్నాడు. ఆ ఏడు ఛాతీ మొరాయించింది. మూడు ఊపిర్లకే కళ్ళు తిరిగేవట.

ముందు డ్రైవర్ చేత ఊదించాడు. డ్రైవర్ నెల్లూరు వైపు ముస్లిం, మా బ్యారక్‌లోనే చెక్క గోడకు అవతల పడుకునేవాడు. నేను భాయ్ అనేవాణ్ణి. మంచివాడే గానీ నోట్లో పాన్ లేని క్షణం ఉండదు. ఒక శుక్రవారం సాబ్ తుపాకీ తెరిచి చూస్తే లోపల ఎర్రటి చుక్కలు. ఆ రోజుతో భాయ్‌కి ఊదే ఉద్యోగం ఊడింది, డ్రైవర్ పని మిగిలింది. ఇంకొకణ్ణి వెతికి పెట్టమన్నాడు సాబ్. సర్వేలో కొలత కర్ర పట్టుకునే మనిషి ఊరికి పోతున్నాడు, బాగా ఊదినవాణ్ణి, పై మేనేజరు ముదీర్‌ని అడిగి, ఆ పనిలోకి తీసుకుంటానని కూడా అన్నాడు.

భాయ్ నా పేరు చెప్పాడు. కారణం ఏమిటంటే, మేం బ్యారక్ బయట పెట్టె చెక్కలతో వంట చేసుకునేవాళ్ళం. పొయ్యి రాజేసేది నేనే. కరెంటు పైపు ముక్కను ఊదుగొట్టం చేసుకుని నాలుగు ఊదులు ఊదితే మంట లేచేది. బ్యారక్‌లో ఉన్న మా జగిత్యాల వైపు పోరగాళ్ళు “వదినె, పొయ్యి అంటిందా?” అని ఏడిపించేవాళ్ళు. అన్నం తినేటప్పుడు మాత్రం ఎవరూ ఏడిపించేవాళ్ళు కాదు.

నాకు ఆ కొలత కర్ర కావాలి. ఎందుకు కావాలో దాచడం అనవసరం. గోదాములో పది నెలలకే నాకు దగ్గు పట్టుకుంది. తువ్వాల ముక్కుకు ఎంత బిగించినా సాయంత్రం ఉమ్మితే బూడిద రంగు. ఏడాదికోసారి కంపెనీ డాక్టరు చూసేవాడు. ఛాతీ బాగాలేదని రాస్తే ఖలాస్, విమానం ఎక్కించేవాళ్ళు. ఏడాది తిరక్కుండా వెనక్కి వెళ్ళి ఊళ్ళో మొహం చూపించే ధైర్యం నాకు లేదు. గోదాములో ఉంటే చస్తాను, దగ్గు బయటపడితే పోతాను. అలాంటివాడు ఊదే పనికి ఒప్పుకోవడం కొరివితో తల గోక్కోవడమే. ఒప్పుకున్నాను.

శుక్రవారం తెల్లవారగానే పికప్‌లో బయలుదేరాం. ఇసుక దిబ్బ ముందు, రెండు గొలుసులకు చాటంత ఇనప రేకు వేలాడదీసి ఉంది. సాబ్ తన సర్వే పరికరంతో కొలిచి పెట్టిన నాలుగు వందల మీటర్ల దూరం. దిబ్బ వెనక ఒంటెలు లేవని భాయ్ వెళ్ళి చూసి వచ్చాకే తుపాకీ తెరిచేవాళ్ళు. పోటీకి క్రేన్ల ఇంజనీరు వచ్చాడు, అతనూ దొరే, వయసులో ఉన్నవాడు, తన తుపాకీ తానే ఊదుకునేవాడు. చెరి పది గుండ్లు. భాయ్ జుమ్మా నమాజుకు వెళ్ళాలి కాబట్టి ఆలోపే ముగించాలి. అది సాబ్ పెట్టిన నియమమే, ఎప్పుడూ తప్పలేదు.

కాల్చాక ఒకటి, రెండు అని లెక్కపెట్టుకుంటే, రెండు దాటాక ఠంగుమని వినిపించేది. మొదటి మూడు ఠంగుమన్నాయి. నేను బుగ్గలు పూరించి, పెదాలు బిగించి, ఇంటి దగ్గర అమ్మ ఊదినట్టు బలంగా ఊదుతున్నాను. నాలుగోది పక్కన దుమ్ము లేపింది. ఐదోది ఇంకా పక్కకు. నేను ఇంకా బలంగా ఊదాను. ఎనిమిదోది తగిలింది గానీ గురి చూసి తగిలింది కాదని నాకే తెలిసింది. క్రేన్ల ఇంజనీరుకు ఏడు, సాబ్‌కు నాలుగు. సాబ్ ఆడలేక మద్దెల ఓడు అనే రకం కాదు. గొట్టంలో పుల్ల పెట్టి తిప్పాడు. ఎండిన నల్లటి పెచ్చులు రాలాయి. వాటిని అరచేతిలో పోసుకుని చూశాడు, అంతే.

తిరుగు దారిలో ఆయన భాయ్‌తో ఏదో అన్నాడు. భాయ్ నా వైపు తిరిగి చెప్పాడు.

“నువ్వు పొయ్యి రాజేస్తా ఉండావంట అబ్బయా. ఆయనకి మంట వద్దంట. తడి గావాలంట.”

సిగ్గుతో చచ్చిపోయాను. ఊదడం అంటే నాకు తెలిసింది అదొక్కటే. పెదాలు బిగించి ఊదితే వచ్చేది చల్లటి పొడి గాలి, నిప్పుకు మంచిది, మసికి శత్రువు. మర్నాటి నుంచి లారీ పక్క అద్దం ముందు నిలబడి సాధన చేశాను. నోరు బాగా తెరిచి, కడుపులోంచి మెల్లగా వదిలితే అద్దం మసకబారుతుంది. గోదాము వాళ్ళు నాకు పెళ్ళి కుదిరిందేమో, అద్దం వదలడం లేదని నవ్వారు. నవ్వనిచ్చాను.

ఒక్కటే భయం. మెల్లగా, పొడుగ్గా ఊపిరి వదిలితే అది ఛాతీ అడుగు దాకా పోయి వస్తుంది. దగ్గు ఉండేదీ అక్కడే.

రెండో శుక్రవారం ప్రతి గుండుకూ ఏడు ఊపిర్లు వదిలాను. సాబ్ పడుకుని కాల్చేవాడు, నేను ఆయన పక్కన మోకాళ్ళ మీద. ఠంగు, ఠంగు. ఆరు వరసగా తగిలాయి. ఏడోది తగిలినప్పుడు క్రేన్ల ఇంజనీరు దుర్భిణి దించి నా వైపు చూశాడు. నా గొంతులో గరగర మొదలైంది. మింగాను. ఎనిమిదో గుండుకు ముందు, నాలుగో ఊపిరిలో, ఆపుకోలేకపోయాను. రబ్బరు గొట్టం వదిలేసి పక్కకు తిరిగి, ఇసుకలోకి వంగి, చాలాసేపు దగ్గాను. సాబ్ కాల్చలేదు. ఎదురు చూశాడు. నేను మూతి తుడుచుకుని మళ్ళీ గొట్టం అందుకుని, మిగిలిన మూడు ఊపిర్లు వదిలాను.

ఆ రోజు సాబ్‌కు తొమ్మిది, ఇంజనీరుకు ఏడు. ఇంజనీరు వచ్చి ఆయనకు చెయ్యిచ్చాడు, నాకూ ఇచ్చాడు. సాబ్ మొహంలో సంతోషం లేదు. ఈ దగ్గు ఎన్నాళ్ళ నుంచని భాయ్ చేత అడిగించాడు.

“రెండు రోజులే అని చెప్పు భాయ్. నీళ్ళు పడలేదని చెప్పు” అన్నాను.

భాయ్ నన్ను ఒకసారి చూశాడు. చెక్క గోడ అవతల పడుకునే మనిషి, నా దగ్గు నాకన్నా బాగా తెలిసినవాడు. సాబ్ వైపు తిరిగి ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడాడు. నాకు వచ్చిన ఇంగ్లీషు తక్కువే గానీ సిమెంట్ అన్న మాట తెలుసు, ఇయర్ అన్న మాట తెలుసు. రెండూ వినిపించాయి.

మంచి పాలలో విషపు చుక్క వేసినట్టయింది. ఒక్క అబద్ధం చెబితే ఏం పోయేది వీడికి అనుకున్నాను. పికప్ వెనక ఎక్కి కూర్చున్నాను. భాయ్ మసీదు దగ్గర ఆపి నమాజుకు వెళ్ళాడు. ముందు సీట్లో సాబ్, వెనక నేను, మాట్లాడుకోవడానికి ఉమ్మడి భాష లేదు. ఆయన పైపులో పొగాకు నింపి, వెలిగించకుండా జేబులో పెట్టుకున్నాడు. కిటికీ తెరిచి ఉంది. ఆయన ఛాతీలో ఈల నాకు వినిపిస్తోంది, నా ఛాతీలోది ఆయనకూ వినిపించే ఉంటుంది.

నాలుగు రోజులు భాయ్‌తో మాట్లాడలేదు. ట్రంకు సర్దుకున్నాను. బుధవారం సైట్ ఆఫీసుకు రమ్మని కబురొస్తే పాస్‌పోర్టు చేతికిచ్చి ఇంటికి పంపేస్తారనే వెళ్ళాను. గుమాస్తా ఇచ్చిన కాగితంలో రేపటి నుంచి సర్వే అని ఉంది. డాక్టరు మాటే లేదు. సాబ్ పక్కనే నిలబడి ఉన్నాడు. భాయ్‌ని పిలిచి ఏదో చెప్పాడు.

“శుక్రవారం రమ్మంటన్నాడు. గొట్టం మాత్రం ముట్టుకోబాకంట. నీ ఊపిరి నువ్వే ఉంచుకోమంటన్నాడు.”

నాకు ఏడుపొచ్చింది. ఆఫీసు బయటికొచ్చి, అన్నన్ని మాటలు మనసులో అనుకున్నందుకు భాయ్‌ని క్షమించమన్నాను. ఆయన పాన్ ఉమ్మి, నేను అనుకున్నవేమిటో తనకు తెలుసునన్నాడు.

బయట గాలిలో కర్ర పట్టుకుని నిలబడేసరికి, కొన్ని నెలల్లో దగ్గు చాలావరకు తగ్గింది. సాబ్ మళ్ళీ ఎవరి చేతా ఊదించలేదు. ఇంకొకణ్ణి తెస్తానని భాయ్ రెండుసార్లు అడిగినా వద్దన్నాడు. ప్రతి గుండు తర్వాత పొడుగు పుల్లకు తడి గుడ్డ చుట్టి గొట్టం తుడుచుకునేవాడు. అది నిదానం పని. జుమ్మా వేళ దగ్గర పడేది, చివరి మూడు నాలుగు గుండ్లు హడావుడిగా కాల్చాల్సి వచ్చేది. నేను సర్వేలో ఉన్న రెండేళ్ళలో ఆయన గెలవడం మళ్ళీ చూడలేదు.