దాపల తీగ, వలపల తీగ

మా కారు తలుపు తీస్తే ఇప్పటికీ కాలిన గుగ్గిలం వాసన సన్నగా వస్తుంది. ఎండలో నిలిపిన రోజు ఎక్కువ, వాన రోజు తక్కువ. కారుతో పాటే కంపెనీవాళ్ళు బిగించి ఇచ్చిన స్టీరియో వెనక మూడు తీగలు అతికినప్పుడు, సీసం కరిగి, దానికి పూసిన గుగ్గిలం పొగై సీటు గుడ్డలోకి దిగిపోయిన వాసన అది. అది ముక్కుకు తగిలిందంటే నేను కోయంబత్తూరు సింగానల్లూరులో ఉండను, డెబ్బై అయిదేళ్ళ దాన్నీ కాను. కారమడైకి రెండు మైళ్ళ అవతల మా తోటలో, తొమ్మిదేళ్ళ వయసులో, ఈయం, అంటే తగరం, పూసేవాడి కుంపటి ముందు గొంతుక్కూర్చుని ఉంటాను.

సంక్రాంతితో పుట్టే తై నెల పోయి మాసి పుట్టే వేళకు ఆయన వచ్చేవాడు. మోటకు కట్టే ఇనప బానకు ఏడాదంతా పడిన చిల్లులు ఆ ఒక్క రోజులో పూడ్చాలి. ఒక్కో చిల్లు మీద గుగ్గిలప్పొడి చల్లి, ఎర్రగా కాలిన కడ్డీతో ఈయం అంటిస్తుంటే బుస్సుమని తెల్లటి పొగ లేచేది, నేను చిల్లులు లెక్క పెట్టేదాన్ని. బాన అడుగున వేలాడే తోలు తొండాన్ని కుట్టడానికి ఇంకొకాయన వచ్చేవాడు. ఆముదం పట్టించిన ఆ తోలు వాసన, తడిసిన మోకు వాసన, ఎద్దుల చెమట వాసన, అవ్వ తోటకు పంపిన సజ్జ సంగటి మీద చింతకాయ పచ్చడి వాసన, ఇవన్నీ కలిస్తేనే మాకు మాసి నెల. కారమడై రంగనాథుడి తేరు ఆ నెలలోనే. తేరు నాటికి ఇంట్లో అరిసెల్లాంటి కచ్చాయం వండేవాళ్ళు. పాకం ముదిరిందో లేదో చూడడానికి నీళ్ళగిన్నెలో వేసిన మొదటి బెల్లపు చుక్క నాది, రెండోది అక్కది. అక్క నాకంటే ఆరేళ్ళు పెద్ద.

ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, పాలకాడు కనుమ నుంచి వీచే గాలికి పక్క మనిషి మాట కూడా చెదిరిపోయేది. మాసిలో ఆ గాలి ఉండదు. నాయన బాయికాడ పాడితే పన్నెండు మళ్ళ అవతల, కాలువ తుదన పార పట్టుకుని నిలబడ్డ అమ్మకు పొల్లుపోకుండా వినిపించేది. దాపల మయిల ఎద్దు, వలపల సెవల ఎద్దు. ఎడమ కట్టేది బూడిద రంగుది, కుడి కట్టేది ఎర్రది. ఈ పక్కదాన్ని ఆ పక్క కడితే ఒక్క అడుగు వేసేవి కావు. మోకు మీద కూర్చుని వాటిని వాలు మీదికి దింపుతూ నాయన బానకొక చరణం పాడేవాడు: “లాభమే తొలిబాన రా బసవన్నా, రెండుకు వంగి రా, మూడుకు మునిగి రా...” ఒకటి అనరు, లాభం అంటారు. అవ్వ రాగులు కొలిచేటప్పుడూ అంతే కాబట్టి అది నాకు తెలుసు. అమ్మ మాత్రం పాడేది కాదు. మడికి గండి కొడుతూ, మూస్తూ, మధ్య మధ్య “రంగా” అని నిట్టూర్చేది. పనిలో దేవుణ్ణి తలచుకోనిది ఎవరు?

బాయి మాకూ పెదనాయనకూ ఉమ్మడి. నూరు బానలు మావి, నూరు వాళ్ళవి, వంతుల మీద. ఆ ఏడు దీపావళి నాటి ఐప్పసి వానలు సగమే పడి, మాసి నాటికి బాయిలో అడుగు రాళ్ళు కనిపించాయి. నాయన నన్ను పిలిచి పావడ ఒడిలో చింతగింజలు పోశాడు.

“బానకొక గింజ పక్కన పెట్టు. కణక్కు తప్పకూడదు.”

కణక్కు అంటే మా ఇళ్ళలో లెక్క. అంత పెద్ద పని అంతకుముందు నాకెవరూ ఇవ్వలేదు. కాలువ గట్టున అమ్మ పక్కనే కూర్చున్నాను. జొన్నచేను అడ్డం కాబట్టి బాయి కనిపించదు, చెవే ఆధారం. అంకె విన్నప్పుడల్లా ఒక గింజ తీసి రాతి మీద పెట్టాను. కాకి అరిచినా తల తిప్పలేదు. నాయన “నూరుకు నిలురా” అని పాట ఆపాక రాతి మీది గింజలు రెండుసార్లు లెక్కించాను. తొంభై.

చేను చుట్టి పరుగెత్తాను. తన ఎద్దులను పట్టుకుని వంతు కోసం నిలబడ్డ పెదనాయన ముందే అరిచాను. “నాయనా, తొంభయ్యే! ఇంగా పది బాన్లు ఉండాది!”

పెదనాయన నవ్వలేదు. “బాగా నేర్పించినావురా తమ్ముడా,” అన్నాడు. “మా పది బాన్లు దొంగిలించేదానికి కూడా బిడ్డను కణక్కు పెట్టించినావు.”

నాయన నా ఒడిలో మిగిలిన గింజలు దోసిట్లోకి తీసుకున్నాడు. “దీనికి కన్నుండాది, చెవి లేదు,” అని మాత్రం అన్నాడు. మరునాటి నుంచి గింజలు అక్క ఒడిలో పడ్డాయి. ఆ తేరుకు మా కచ్చాయం పెదనాయన ఇంటికి పోలేదు, వాళ్ళది మాకు రాలేదు. మరుసటి మాసి లోపల ఎవరి మోటారు వాళ్ళు పెట్టుకున్నారు. ఎద్దులు అమ్ముడుపోయాయి, పాట ఆగింది.

నేను కోయంబత్తూరు బడిలో ముప్పై నాలుగేళ్ళు లెక్కలు చెప్పాను. ఒక్క మార్కుల జాబితా తిరిగి రాలేదు. అయినా బోడినాయకనూరులో ఏలకుల వ్యాపారుల ఇంటికి కోడలిగా పోయిన అక్క, ప్రతి మాసికీ తేరు చూడడానికి ఏలకుల వాసనతో దిగి, కచ్చాయం కొరుకుతూ అదే మాట అనేది: “నువ్వు తప్పు కణక్కు పెట్టినావు, రెండిళ్ళు విడిపోయినాయి.” నేను పెట్టింది తప్పు కాదని నేను. ఇలా అరవై అయిదేళ్ళు.

నాయన ముసలితనంలో మా అన్న, పంపుల పట్టడలో, అదే కార్ఖానాలో, పని చేసేవాడు, రెండు మైకులున్న టేపురికార్డరు ఒకటి తెచ్చి ఆ పాట పాడించాడు. ఒక మైకు తిన్నె మీద నాయన ముందు, ఒకటి వాకిలి లోపల కూర్చున్న అమ్మ ముందు. ఆ రోజు నేను బడిలో ఉన్నాను. ముగ్గురూ పోయాక ఆ క్యాసెట్టు నా ఇనప్పెట్టెలోకి వచ్చింది. కిందటేడు తై నెలలో అన్న కూతురు దాన్ని అగ్గిపెట్టెంత ప్లేయర్లోకి ఎక్కించి ఇచ్చింది. నాకు ఎడమ చెవిలో ఒక్క ఇయర్‌ఫోను గొట్టం పెట్టుకోవడమే అలవాటు. కుడి చెవి కుక్కర్ కూతకూ గుమ్మం గంటకూ కావాలి. విన్నాను. ఆరు తర్వాత నాయన ఒక చరణమంత సేపు ఊరకుండి ఎనిమిది అన్నాడు. పదహారు తర్వాత పద్దెనిమిది. నూరు దాకా కాగితం మీద గీతలు పెట్టుకుంటూ మూడుసార్లు విన్నాను. ఏడు వచ్చే చోటల్లా ఖాళీ, మొత్తం పది. నాయన అన్నవి తొంభై అంకెలే. పదింటిని మింగి నూరన్నాడు! నా గింజలు ఒప్పు.

ఇది అక్క తన చెవితో వినాలి. అక్కకు కుడి చెవి పోయి ఇరవై ఏళ్ళు. ఎడమదీ మూసుకుపోతోందనీ, ఆ చెవి ఆడి దాటడం కష్టమనీ మదురై డాక్టరు చెప్పాడు. చెవి గొట్టాలు పెట్టుకోదు, తల తిరుగుతుందంటుంది. ఆమెకు పాట వినబడే చోటు ఒక్కటే: అద్దాలు మూసిన మా కారులో, ముందు ఎడమ సీటులో, తలుపులోని స్పీకరు పక్కన. కారు నేనే నడుపుతాను. కాబట్టి ప్లేయర్లోని పాట కారు స్టీరియోలోకి రావాలి, మాసి తేరు లోపల రావాలి.

ఆ స్టీరియోకు రేడియో ఉంది, సీడీ ఉంది, బయటి ప్లేయరు తగిలించే రంధ్రం లేదు. మొదట, సిగరెట్టు వెలిగించే గుంటలో గుచ్చి పాటను రేడియోలోకి పంపే పుల్ల ఒకటి కొన్నాను. నాయన అయిదో బాన దాటకముందే పట్టుచీరల ప్రకటన వచ్చి పడింది. నాలుగు వీధుల్లో నాలుగుసార్లు చూసి దాన్ని పక్కన పెట్టాను. పోయిన ప్రతి దుకాణంలోనూ స్టీరియో పీకి టచ్ స్క్రీన్ పెట్టుకోమన్నారు. చివరికి బస్టాపు వెనక పట్టడ పెట్టుకున్న సామువేలు దొరికాడు. యాభై దాటినవాడు, ఇంట్లో తెలుగే.

“ఇది పీకేస్తే అరగంట పనమ్మా. ఏంటికి ఇంత కష్టం?”

“పని చేసేదాన్ని ఏంటికి పీకాల? వెనక ఒక సాకెట్టు సుమ్మా ఖాళీగా ఉండాది, బొమ్మ పుస్తకంలో వేసుండారు చూడప్పా.”

“మీరు పుస్తకం చదివినారా! ఈ కారు చేసినోళ్ళు కూడా చదివుండరు.”

ఆ సాకెట్టు డిక్కీలో పెట్టుకునే సీడీల పెట్టె కోసం. ఆ పెట్టె మేం కొనలేదు. దాని కాళ్ళలో, అంటే పిన్నుల్లో, ఎడమకొకటి, కుడికొకటి, ఎర్తు అనే నేలకొకటి పట్టుకుని ప్లేయరు తీగ అతకాలి. ఇంకో రెండు కాళ్ళు కలిపి, లేని పెట్టె ఉన్నదని స్టీరియోను నమ్మించాలి. బ్యాటరీ తీగ విప్పేముందు సామువేలు భయపెట్టాడు. తిరిగి తగిలించాక స్టీరియో రహస్య అంకె అడుగుతుందట, చెప్పలేకపోతే అది ఇటుకరాయే. కారు ఇంటికి తెచ్చిన రోజు నా డైరీలో ఆ అంకె ఉంది. చూపిస్తే డైరీకే దండం పెట్టాడు.

మొదటి రోజు అతను ఎడమ తీగా కుడి తీగా కలిపి ఒక్క ముడి వేశాడు. నాదస్వరం పెట్టి చూపించాడు. “అన్ని పక్కలా వస్తుండాది గదా. మీ చెవికి ఏం తెలుస్తుందమ్మా?”

చెవి అన్న మాట నాకు ఎక్కడో గుచ్చుకుంది. “విప్పు,” అన్నాను. “దాపలది దాపలకు, వలపలది వలపలకు పోవాల.”

సామువేలు చేతిలో కడ్డీ ఆగింది. “ఆ మాట మా తాత అంటుండె. మీ పక్క తోటలకే తా పోతుండె, తొండం కుట్టేదానికి.”

మా తోటకు వచ్చింది ఆయనేనేమో తెలియదు. మా ఇంట్లో ఎవరూ ఆయన పేరు అడగలేదు. పొలానికి నీళ్ళు తెచ్చే తోలు కుట్టినవాడికి మేం తాగే నీళ్ళు చెంబు ఎత్తి దోసిట్లోకి పోసేవాళ్ళం. అది కూడా సామువేలుకు చెప్పాను. “తెలుసమ్మా,” అని అతను వంగి ముడి విప్పాడు.

రెండో రోజు ఇంజను వేగం పెంచితే నాదస్వరంలో దోమ కూసినట్టు ఒక మోత. నేల తీగను తలుపు మర నుంచి తీసి స్టీరియో ఒంటికే తగిలించాలన్నాను, ఒప్పుకున్నాడు. మూడో రోజుకు మోత పోయింది. ఎర్ర మొన పీకితే కుడి తలుపు మూగ, తెల్ల మొన పీకితే ఎడమ తలుపు మూగ. డ్యాష్‌బోర్డు మీద ఒక్క గాటు లేదు. తేరుకు ఇంకా రెండు రోజులుంది.

తేరు నాడు అక్కను ఎక్కించుకుని బయల్దేరాను. ఊరు దాటాక అద్దాలు మూసి ప్లేయరు నొక్కాను. నాయన గొంతు ఎడమ తలుపులోంచి లేచింది. అక్క చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముందే ఏమీ చెప్పలేదు నేను, ఖాళీ కోసం కాచుకున్నాను. “ఆరుకు ఆగక రా...”

“రంగా,” అంది అక్క.

అదే క్షణాన నా మోచేతి పక్కన, కుడి తలుపులోంచి, అమ్మ గొంతు. “రంగా.”

కారు ఓరకు ఆపాను. వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టాను. మళ్ళీ అంతే, ఇద్దరూ ఒక్కసారే. అక్కకు కుడి వైపు నుంచి ఏదీ వినపడదు. సామువేలు మొదట వేసిన ముడే ఉండి ఉంటే అమ్మ గొంతు ఎడమకూ వచ్చేది, అక్క విన్నదే అంటోందని నేను సరిపెట్టుకునేదాన్ని.

“రంగా అని ఎవరనమన్నారు నిన్ను?” గట్టిగా అరిచాను.

“ఎవరే చెప్పాల? బాయికాడ ఏడంటారా ఎవరన్నా? ఏడు అంటే ఏడువు అనే తా. నీళ్ళను ఏడువమంటామా? నాయన గమ్మునుంటాడు, కాలువకాడ ఉండేవాళ్ళు రంగా అనాల. అమ్మ అంటుండె, నీ పక్కనే తా.”

“ఇన్నేళ్ళు ఏంటికి చెప్పలా?”

“నువ్వెప్పుడే అడిగినావు? నీదే ఒప్పని చెప్పేదానికే తా వస్తుంటివి.”

ఏడు, పదిహేడు, ఇరవై ఏడు, అలా తొంభై ఏడు దాకా. పది. ఆ పది బానలూ బాయిలోంచి వచ్చాయి, కాలువలో పారాయి, మళ్ళలో ఇంకాయి. నాయన లెక్క నూరే. అక్క ముందు ఆయన తప్పు నిరూపించడానికి నేను నెలంతా సాకెట్టు కాళ్ళు లెక్క పెడుతూ తిరిగాను. “నాదే తప్పక్కా,” అన్నాను. ఆమెకు వినపడలేదో, విననట్టు ఉందో. “పాట పెట్టవే, తేరు కదిలిపోతుంది,” అంది.

డాక్టరు చెప్పినట్టే ఆడిలో ఆ చెవీ మూసుకుపోయింది. మా బాయి పూడ్చి దాని మీద ఇళ్ళు కట్టారు. ఏ ఇంటి కింద ఉందో పెదనాయన మనవలకూ తెలియదు. ఈయం పూసేవాడు లేడు, బాన పాత ఇనుముకు పోయింది. దాపల, వలపల అంటే అర్థమయ్యేవాళ్ళు నాకు తెలిసి ఇప్పుడు ముగ్గురం.

ఈ మాసికి అక్క మళ్ళీ వచ్చింది. కారెక్కి, అడగకుండానే అరచెయ్యి ఎడమ తలుపు స్పీకరు మీద ఆనించింది. పాట పెట్టాను. గేరు పక్కన గుంటలో ఆ రోజు రాతి మీద పెట్టినన్ని చింతగింజలు, తొంభై, లెక్కించి పోసి పెట్టాను. విడిగా పది నా ఒళ్ళో ఉన్నాయి. ఆరు అయింది, ఆమె చేతి కింద అదురు ఆగింది. “రంగా,” అంది. ఇంటి ముందు నిలిపి ఉన్న కారు కాబట్టి నా చేతులు ఖాళీయే. ఒక గింజ గుంటలో వేశాను. నూరు దాకా కదలకుండా కూర్చున్నాం. ఒక్కసారి కూడా తప్పలేదు ఆమె.

ఒళ్ళో గింజలు అయిపోయాక తాళం తిప్పి కారమడై వైపు కారు తీశాను.