తల దక్షిణానికి, బండి ఇంటికి

చలికాలంలో వ్యాను బాడీలో పడుకుని హాయిగా నిద్రపోవడం ఒక విద్య. మిరపకాయల కమీషన్ వ్యాపారి దగ్గర గుమస్తాగా పనిచేసిన రోజుల్లో అద్దంకి నుంచి గుంటూరు యార్డుకు లోడు వెంట వెళ్లి, ఖాళీ బండిలో తిరిగొస్తూ ఆ విద్య నేర్చుకున్నాను. మీలో ఎవరైనా ఆ దారిన అలా ప్రయాణం చేయవలసి వస్తుందేమో, ముందు పద్ధతి చెబుతాను. అడుగున ఖాళీ గోతాలు పరవాలి. వాటి మీద జానెడు ఎత్తున వరిగడ్డి, ఆపైన పత్తి పరుపు. తల క్యాబిను వైపు ఉండాలి, గాలి పైనుంచి ఎగిరిపోతుంది. టార్పాలిన్ పట్టాను క్యాబిను మీద నుంచి లాగి కట్టి, కాళ్ల వైపు మాత్రం తెరిచి ఉంచాలి. చెవులకు మఫ్లరు తప్పనిసరి. ఇన్నీ చేసి మిరపకాయ బస్తాల మీద పడుకుంటే మాత్రం నా పూచీ లేదు. వెచ్చగా ఉంటుందని ఒకసారి నేను పడుకున్నాను. వెచ్చగానే ఉంది, మూడు రోజుల పాటు.

ఇంత విద్యా గంగలో కలిసిన ప్రయాణం ఒకటుంది. అది ఎనభై అయిదో, ఎనభై ఆరో. జనవరి అని మాత్రం గట్టిగా చెప్పగలను, మిరప కోతలు అప్పుడే మొదలయ్యాయి. మా మావయ్యకు గుంటూరులో ఒక నర్సింగ్ హోములో హెర్నియా ఆపరేషన్ అయింది. ఆపరేషన్ బాగానే జరిగింది గానీ, ఆ తర్వాత అయిదు రాత్రులు ఆయనకు కంటి మీద కునుకు లేదు. దానికి కారణం మా అత్తయ్య.

అత్తయ్యకు పట్టింపులు తక్కువ. ఉన్నది ఒక్కటే: ఉత్తరం వైపు తలపెట్టి ఎవరూ పడుకోకూడదు. ఆసుపత్రి గది ఇరుకుది, మంచం తల సరిగ్గా ఉత్తరం గోడకే ఆనుకుని ఉంది, ఇంకో రకంగా వేద్దామంటే పట్టదు. ఆవిడ తలగడ కాళ్ల వైపుకు మార్చి మావయ్యను తిప్పి పడుకోబెట్టేది. సెలైను గొట్టం అటు అందదని నర్సు వచ్చి ఇటు తిప్పేది. నర్సు వెళ్లగానే మళ్లీ అటు. అయిదో రోజుకు మావయ్యకు జ్వరం తగిలింది, కుట్లు ఎర్రబడ్డాయి.

డాక్టరు గారు నన్ను వరండాలోకి పిలిచారు. “ఇవ్వాల్సిన మందులన్నీ ఇచ్చానండి. ఇక ఆయనకు కావలసింది నిద్ర. ఇక్కడ మీ అత్తయ్య గారు పడుకోనివ్వరు. ఇంటికి తీసుకెళ్లి పడుకోబెట్టండి. నిద్ర లేకపోతే మాత్రం కష్టం” అన్నారు. ఆ ‘కష్టం’ అన్న మాట అత్తయ్య తలుపు వెనక నుంచి విన్నది.

మా ఊరి ఇశ్రాయేలు అదే రోజు పత్తి బోరాలు దింపడానికి వ్యాను వేసుకుని గుంటూరు వచ్చాడు. ముందు చిన్న క్యాబిను, వెనక కప్పు లేని బాడీ. ఖాళీగా తిరిగి వెళుతున్నాడని తెలిసి వెళ్లి అడిగాను. “పెద్దాయన కోసం కాకపోతే ఇంకెవరి కోసమండి. డీజిలు పోయించండి చాలు” అన్నాడు. నేను గోతాలు, గడ్డి, పరుపు, పట్టా అన్నీ కుదిర్చి, కాళ్ల దగ్గరికి వేడినీళ్ల సీసా కూడా పెట్టి, నా జీవితంలోకెల్లా మంచి పడక వేశాను. నన్ను పడుకోమంటే ఒంగోలు దాటినా లేచేవాణ్ణి కాదు.

తెల్లవారి అయిదున్నరకు బయలుదేరాం. ఎదుటి మనిషి కనిపించనంత మంచు. మావయ్యను పరుపుతో సహా ఎక్కించబోతుంటే అత్తయ్య చెయ్యి అడ్డం పెట్టింది.

“ఇశ్రాయేలూ, బండి మొహం ఎటుంది?”

“రోడ్డుకేసి ఉందండి.”

“రోడ్డు ఎటుంది?”

“బండి ముందే ఉందండి అమ్మగారూ.”

తీరా వాచ్‌మన్‌ను అడిగితే ఆ సందు ఉత్తరానికి పోతుందని తేలింది. అంటే క్యాబిను ఉత్తరం, నా పద్ధతిలో పడుకోబెడితే తల ఉత్తరం. సందు చివరిదాకా తల వెనక్కి, కాళ్లు క్యాబినుకు పెట్టి తీసుకెళ్లాలని అత్తయ్య తీర్పు. చలిగాలి అంతా మావయ్య నెత్తిన కొట్టింది. ట్రంకు రోడ్డెక్కి బండి దక్షిణానికి మళ్లగానే ఆపించి, నేనూ ఇశ్రాయేలూ, సైకిళ్ల మీద పోతున్న ఇద్దరు పాలవాళ్లూ కలిసి పరుపు నాలుగు మూలలూ పట్టుకుని ఆయన్ని తిప్పాం.

“నన్నేంటే ఇట్టా గడియారం ముల్లులాగా తిప్పుతున్నావు?” అన్నాడు మావయ్య నీరసంగా.

“నోరు మూసుకుని పడుకోవయ్యా. కళ్లు కూడా మూసుకో” అంది అత్తయ్య.

ఇశ్రాయేలు చేతులు దులుపుకుంటూ, “మాకీ పట్టింపు లేదండి అమ్మగారూ. మా తలకాయ ఎటున్నా ప్రభువుకి కనపడుద్ది” అన్నాడు.

“మీ ప్రభువు దయగలవాడయ్యా. ఉత్తరానికి తలపెట్టుకుంటే మాకు లేవగానే ఎదురుగా యముడే.”

అద్దంకికి నర్సరావుపేట మీదుగా దగ్గర దారి ఉంది. కానీ ఆ ఏడు అటు గోతులెక్కువ, కుట్లు ఊడతాయని చిలకలూరిపేట మీదుగా ట్రంకు రోడ్డు పట్టాం. నేనూ అత్తయ్యా వెనకే, మావయ్యకు చెరోపక్క కూర్చున్నాం. ఆయన కళ్లు మూసుకునేవాడు. బండి చిన్న వంపు తిరిగినా, “ఎటు తిరిగిందిరా?” అని అత్తయ్య నన్ను అడిగేది. ఆయన కళ్లు తెరిచేవాడు. నాకు ఒళ్లు మండింది. నిద్ర పట్టబోతున్న మనిషిని లేపడం కన్నా పెద్ద పాపం లేదని నా నమ్మకం. పెద్దావిడ కదా అని ఊరుకున్నాను.

ఏడు గంటలకు చిలకలూరిపేటలో టీ కోసం ఇశ్రాయేలు బండిని రోడ్డు దింపి, వెనక్కి తిప్పి కొట్టు ముందు ఆపాడు. దిగీ దిగకుండానే అత్తయ్య, “బాబూ, ఉత్తరం ఎటు?” అని అడిగింది. బీడీ కాల్చుకుంటున్న పెద్దమనిషి కుడివైపు చూపించాడు. పక్కనున్నతను “నీ మొహం, ఇటు” అని ఎడమవైపు చూపించాడు. మంచులో సూర్యుడు ఏమూలా కనిపించడం లేదు. చివరికి కొట్టాయన లేచి, “ఎందుకండీ గొడవ, నా గల్లాపెట్టె చూడండి. సిద్ధాంతి గారొచ్చి ఉత్తర ముఖంగా పెట్టించారు” అన్నాడు. గల్లాపెట్టె ఎటు చూస్తోందో మా క్యాబినూ అటే చూస్తోంది.

“ఆగింది టీ తాగడానికే కదత్తయ్యా” అన్నాను.

“యముడు టీ అయ్యేదాకా ఆగుతాడేరా?” అంది.

ఇశ్రాయేలు కొట్టు దగ్గరున్నవాళ్లను పిలిచాడు. “బాడీలో పెద్దాయన ఉన్నారు, కాస్త పట్టండయ్యా.” ఆ ‘బాడీ’ అన్న మాట వాళ్లకు ఇంకోలా వినపడింది. గుంటూరు ఆసుపత్రుల నుంచి అలాంటి బళ్లు ఆ దారిన ఎన్నో పోతుంటాయి మరి. నలుగురూ తలపాగాలు తీసేశారు. బీడీ పెద్దమనిషి బీడీ పారేసి, దుప్పట్ల కుప్ప దగ్గరికొచ్చి మెల్లగా, “ఎప్పుడు పోయారండీ?” అన్నాడు.

దుప్పట్లోంచి మావయ్య, “టీ తాగి పోతాం” అన్నాడు.

పెద్దమనిషి రోడ్డు అవతలి దాకా పరిగెత్తాడు. మిగతా ముగ్గురూ మాత్రం నవ్వుకుంటూనే పరుపు తిప్పారు. టీ తాగాక, బండి రోడ్డెక్కేముందు మళ్లీ తిప్పారు. మా దగ్గర టీ డబ్బులు కూడా తీసుకోకుండా కొట్టాయన దణ్ణం పెట్టి పంపించాడు. పీడ వదిలితే చాలనుకున్నాడేమో.

మార్టూరు దగ్గర మంచు విడిచింది. రోడ్డుకు ఒకపక్క విచ్చిన పత్తి, ఇంకోపక్క ఎర్రబడ్డ మిరప. ఎండ పట్టా మీద పడి లోపల నులివెచ్చగా అయింది. దారి తిన్నగా దక్షిణానికే ఉంది. మావయ్య నోరు కొద్దిగా తెరుచుకుంది. గురక మొదలైంది. అయిదు రాత్రుల తర్వాత విన్న ఆ గురకకు నాకు నిజంగా కళ్లనీళ్లొచ్చాయి. అత్తయ్య గొంతు తగ్గించి, “అరవకురా, నిద్రపోయాడు” అంది. నేను నోరే విప్పలేదు.

మేదరమెట్లలో చిక్కొచ్చి పడింది. అక్కడ అద్దంకికి కుడివైపు తిరగాలి. ఇశ్రాయేలు బండి ఆపి, దిగి వెనక్కి వచ్చి గుసగుసగా చెప్పాడు.

“ఇక్కణ్ణించి దారి మారుద్దండి. ఉత్తరం కాదు గానీ, వాయవ్యమండి.”

“ఉత్తరానికి వాయవ్యం ఎంత దూరమయ్యా?” అంది అత్తయ్య.

తిప్పితే లేస్తాడు. లేస్తే మళ్లీ ఎప్పుడు పడుకుంటాడో. నాకు కోపం ఆగలేదు. “అత్తయ్యా, ఆ డాక్టరు గారు కష్టం అన్నది దిక్కు గురించి కాదు, నిద్ర గురించి” అన్నాను, కాస్త గట్టిగానే.

ఆవిడ నా మీద కోప్పడలేదు. “మా నాన్న పొగాకు ఆరబెట్టే బ్యారన్ కొట్టం దగ్గర కాపలా పడుకున్నాడురా. తెల్లారి నేనే అన్నం పట్టుకెళ్లా. లేపితే లేవలా. తల ఉత్తరానికుంది. అందరూ గుండెపోటన్నారు. నేను చూసింది మాత్రం ఆ తలే” అంది.

చాలాసేపు మావయ్య ముఖంలోకి చూసింది. చివరికి, “పోనీ, వాయవ్యమే కదా” అని అరచెయ్యి ఆయన ముక్కు దగ్గర పెట్టింది. అద్దంకి వరకూ ఆ చెయ్యి తియ్యలేదు. ఊపిరి తగులుతుంటే చాలనుకుందేమో. బండి గతుకులో పడినప్పుడల్లా ఆ చెయ్యి ఆయన మీసాలకు తగిలేది, ఆయన తుమ్మబోయి మానేసేవాడు.

అద్దంకి బస్టాండు దగ్గర నేనూ ఇశ్రాయేలూ ఇడ్లీలు పొట్లం కట్టించుకోవడానికి దిగాం. తిరిగొచ్చేసరికి మావయ్య బాడీ పక్కకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. నుదురు పట్టుకు చూశాను, చల్లగా ఉంది. “ఆకలేస్తోందిరా. ఎన్నున్నాయి?” అన్నాడు. ఈ శుభవార్త అత్తయ్యకు చెబుదామని పట్టా కిందికి వంగాను. ఆవిడ మావయ్య లేచిన వెచ్చటి చోట్లో అలాగే పక్కకు ఒరిగిపోయి ఉంది. తల నేరుగా క్యాబినుకు. ఒళ్లు తెలియని నిద్ర.

“ఎన్ని రాత్రులైందో” అన్నాడు మావయ్య. “ముట్టుకోకు. లేస్తే మళ్లీ పడుకోదు.”

ఇశ్రాయేలు బండి తీశాడు. మా ఊరికి అద్దంకి నుంచి ఉత్తరంగా రెండు మైళ్ల పైచిలుకు. ఊరి రోడ్డు మొదట్లోకి రాగానే మావయ్య క్యాబిను మీద దబదబా కొట్టాడు.

“ఎటు పోతున్నామిప్పుడు?”

“ఊరికండి.”

“అది కాదురా. ఏ దిక్కుకి?”

ఇశ్రాయేలుకు అర్థమై నెత్తి గోక్కున్నాడు. “అసలు ఉత్తరమేనండి. వాయవ్యం కూడా కాదు.”

మావయ్య ఇడ్లీ చేతిలో పట్టుకుని ఆలోచించాడు. ముప్పై ఏళ్లుగా ఆ పట్టింపును ఎగతాళి చేసిన మనిషి. “బండి తిప్పు. వెనక్కి నడుపు” అన్నాడు.

“వెనక్కెళితే అద్దంకి కదండి?”

“వెనక్కెళ్లమన్లా. మన ఊరికే వెళ్లు. రివర్సులో వెళ్లు.”

“రెండు మైళ్లండీ పెద్దాయనా!”

“నాకేమన్నా నమ్మకమా? లేచి, ఎటు తల పెట్టి పడుకున్నానని అడుగుద్ది. నేనేం చెప్పాలి?”

ఇశ్రాయేలు బండిని తిప్పాడు. క్యాబిను దక్షిణం చూస్తుండగా, మేం ఉత్తరానికి, ఇంటికి వెనక్కి వెనక్కి బయలుదేరాం.

పాఠకులకు ఒక హెచ్చరిక. నా పద్ధతిలో పట్టాకు కాళ్ల వైపు తెరిచి ఉంటుందని చెప్పాను కదా. బండి రివర్సులో పోతే ఎదురుగాలి మొత్తం ఆ కంతలోంచి లోపలికి కొడుతుంది. మావయ్య తన దుప్పటి తీసి ఒక కొస నాకిచ్చి, రెండో కొస తను పట్టుకుని తెరలా అడ్డం కూర్చున్నాడు. దాంతో ఇశ్రాయేలుకు దారి కనబడలేదు. నేను తెర మీద నుంచి తల పెట్టి “కుడికి, కుడికి, గేదె!” అని గొంతు పెంచకుండా చెప్పడం, అతను కిటికీలోంచి మెడ బయటికి పెట్టి వినడం. మిరప కోస్తున్న ఆడవాళ్లు సాళ్లలో నిలబడిపోయారు. ఎదురొచ్చిన బస్సు కండక్టరు, “ఏరా, ముందు గేర్లు పోయినయ్యా?” అని అరిచాడు. మావయ్య నోటి మీద వేలు పెట్టి ఉరిమి చూశాడు. కండక్టరే కాదు, బస్సంతా చప్పుడు చెయ్యలేదు.

ఆ దారిలో ఎన్నోసార్లు పడుకుని వచ్చాను గానీ అంత మెల్లగా, అంత చలికి వణుకుతూ, అంత మెలకువగా ఎన్నడూ రాలేదు. అయినా ఇన్నేళ్ల లోడు ప్రయాణాల్లో బాడీలో ఎవరైనా నిజంగా హాయిగా పడుకున్నారంటే అది ఆ రోజే అని చెబుతాను. పద్ధతి మాత్రం నాది కాదు.

పదిన్నరకు ఇల్లు చేరాం, వెనక చక్రాలు ముందుగా. ఇంజను ఆగిన నిశ్శబ్దానికి అత్తయ్యకు మెలకువ వచ్చింది. లేచి కూర్చోలేదు. కళ్లు మాత్రం తెరిచి, “ఎటు తల పెట్టానయ్యా?” అంది.

“దక్షిణానికే” అన్నాడు మావయ్య.

“ఒట్టు?”

“నీ మీదొట్టే.”

అత్తయ్య దుప్పటి చెవుల మీదికి లాక్కుని అటు తిరిగి మళ్లీ పడుకుంది. రోగిని చూడ్డానికి ఊళ్లోవాళ్లు పళ్లూ హార్లిక్సూ పట్టుకుని వస్తూనే ఉన్నారు. రోగి బాడీ అంచున కుట్ల మీద చెయ్యేసుకుని కూర్చుని, నోరు తెరవబోయిన ప్రతి ఒక్కరినీ వెనక్కి పంపించాడు, “సాయంత్రం రండి, పడుకుంది” అని.