పాట చివర చెయ్యెత్తే మనిషి

రాధాకృష్ణమూర్తిగారు ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి. నుదుట సన్నటి బొట్టు, క్యారేజీలో పెరుగన్నం. ఇలాంటి మనిషికి విదేశీ రాక్ బృందం పిచ్చేమిటని కొత్తవాళ్ళు ముక్కున వేలేసుకునేవారు. గుంటూరులో డిగ్రీ చదివేటప్పుడు స్నేహితుడి క్యాసెట్లో ఆ బృందం పాడిన నెమ్మది పాటొకటి విన్నారు. ఇక అది ఆయన్ని వదల్లేదు. సన్నటి గిటారుతో మొదలై, నడుమ హోరెత్తి, మళ్ళీ మెత్తబడి, ఎక్కడ ఆగిందో తెలియకుండా కరిగిపోయే పాట అది.

నోయిడాలో సుధీర్ అనే సాఫ్ట్‌వేర్ కుర్రాడి ఫ్లాట్‌లో ఆ బృందం అభిమానులు అప్పుడప్పుడూ ఆదివారాలు చేరతారు. ఆఖర్న ఈ పాట పెట్టుకోవడం ఆనవాయితీ. అందరూ కళ్ళు మూసుకోవాలి, పాట తనకిక వినబడదనుకున్నప్పుడు చెయ్యెత్తాలి. అందరి చేతులూ లేచాక తాపీగా లేచేది మూర్తిగారి చెయ్యి. ఆయనవి పాము చెవులని సుధీర్ మురిసిపోయేవాడు.

ఆ పాము చెవులకే ఏదో అయింది. ఒకరోజు పాట పెట్టుకుంటే మొదటి గిటారు వినబడలేదు. ఇయర్‌ఫోన్లు పాడయ్యాయని తిట్టుకుని, కరోల్ బాగ్ వెళ్ళి కొత్తవి కొన్నారు. వాటిలోనూ పాట సగంలోంచే మొదలైంది. లోపం ఇయర్‌ఫోన్లది కాదని ఆయనకి అర్థమైంది.

చూపించుకుంటే డాక్టరు వినికిడి పరీక్ష రాసిచ్చాడు. మూర్తిగారు వెళ్ళలేదు. వెళ్తే నిజమని తేలిపోతుంది కదా! చెముడు వచ్చాక తన తండ్రి ఎలా బతికారో ఆయనకి గుర్తుంది. పెళ్ళిళ్ళలో ఎవరేమన్నా వినబడక ఊరికే నవ్వేసేవారు. కొన్నాళ్ళకి ఆయనతో మాట్లాడటమే మానేశారు జనం. మూర్తిగారి గుండెల్లో దడంతా అదే. భార్య భానుమతి వంటింట్లోంచి పిలిస్తే పలక్కపోవడం, ఆవిడ మూతి ముడుచుకోవడం ఇంట్లో మామూలైపోయింది. అయినా ఆయన నోరు విప్పలేదు.

ఈ ఆదివారం దారిలో బంధువులింటికి వెళ్ళాల్సి ఉండి, భానుమతి కూడా సుధీర్ ఇంటికి వచ్చింది. ఆవిడ ముందే గుట్టు బయటపడుతుందని మూర్తిగారి భయం. అయితే ఆయన దగ్గర ఒక ఉపాయం ఉంది. పాట కంఠతా వచ్చు. మోకాలి మీద వేళ్ళతో తాళం వేసుకుంటూ పోతే చివర ఎక్కడ వస్తుందో చెవులు చెప్పక్కర్లేదు.

పాట పెట్టారు. ఆయన కళ్ళు మూసుకున్నారు. కాసేపటికి నడిమి హోరు దూరంగా, గోడ అవతలి నుంచి వస్తున్నట్టు వినబడింది. తరవాత నిశ్శబ్దం. ఇక మిగిలింది మెత్తటి భాగం, అది ఎలాగూ వినబడదు. తాళం తప్పకుండా, తల ఊపుతూ, లోపల్లోపల పాడుకుంటూ చివరిదాకా వెళ్ళి, ఇంకొంచెం ఆగి, చిరునవ్వుతో చెయ్యెత్తి కళ్ళు తెరిచారు.

ఎవరి కళ్ళూ మూసి లేవు. ఎవరి చెయ్యీ లేచి లేదు. అందరూ ఆయన్నే చూస్తున్నారు. సుధీర్ స్పీకర్‌కి ఛార్జర్ వైరు తగిలిస్తున్నవాడల్లా ఆగిపోయాడు. దగ్గరికొచ్చి, ఆయన కుడి చెవి దగ్గరగా వంగాడు.

"అంకుల్, హోరు అవగానే స్పీకర్ ఆగిపోయింది. మీరు సరదాకి చేస్తున్నారనుకున్నాం."

మూర్తిగారికి లేపిన చెయ్యి దించడం కూడా తోచలేదు. భయపడినంతా అయింది. ఇప్పుడు వీళ్ళు నవ్వుతారు, ఆ తరవాత జాలిపడతారు, ఆ తరవాత మాట్లాడటం మానేస్తారు.

భానుమతి లేచొచ్చి ఆయన ఎదురుగా కింద కూర్చుంది. లేచి ఉన్న ఆ చేతిని తనే దించి పట్టుకుంది. ఆవిడ కళ్ళు నిండిపోయాయి.

"పిలిస్తే పలక్కపోతే, కావాలనే అనుకున్నానండీ ఇన్నాళ్ళూ," అంది. తరవాత మెల్లగా అడిగింది. "భయమేస్తోందా?"

ఆ మాట చెవికి అందలేదు. పెదవుల మీద కనబడింది. అబ్బే అనబోయారు. అనలేక ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"చాలా భయంగా ఉంది, భానూ," అన్నారు, ఆవిడొక్కరికే వినబడేలా.

గదిలో అందరూ ఉలిక్కిపడటం చూశాక గాని, తను అరిచానని ఆయనకి తెలియలేదు.